ఎండల్లో మొలిచిన లెట్యూస్

గోదావరిఖని
జనవరి 20

చెల్లె సారవ్వకు, అక్క లింగవ్వ దీవించి రాస్తున్నది.

నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? వాపు దిగిందా? చెవి మిషను పెట్టుకుంటున్నావా, మళ్లీ డబ్బాలోనే దాచావా? శోభకు మూడో నెల దాటిందా, వాంతులు తగ్గాయా? మొదటి కాన్పు ఆలస్యంగా వచ్చింది కాబట్టి మెట్లు ఎక్కనివ్వకు. అల్లుడు రాజం నడుం పట్టు విడిచిందా? బండి మీద పోయేటప్పుడు రైలు గేటు దగ్గర రెండు దిక్కులా చూసి పొమ్మని నేను చెప్పానని చెప్పు. మీ బర్రె ఈనిందా? దూడ పాలు తాగుతోందా? అందరూ బాగున్నారని నువ్వు రాసేదాకా నాకు బువ్వ సరిగా దిగదు. నా సంగతి నీకు తెలియనిదా.

మేము బాగానే ఉన్నాం. కొడుకు వేణుకు డ్యూటీ మామూలే. కరెంటు పని, ఎప్పుడు ఏ తీగ ముట్టుకుంటాడో అని సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. కోడలు రమకు చక్కెర జబ్బు బయటపడింది, నలభై కూడా నిండకుండానే. దవాఖానలో అన్నం తగ్గించి పచ్చాకు తినమన్నారట. అందుకని మంచిర్యాల పోయినప్పుడు ఒక గింజల పొట్లం తెచ్చింది. దాని పేరు లెట్యూస్. చూస్తే క్యాబేజీకి, పాలకూరకు పుట్టిన బిడ్డలా ఉంటుంది. కార్తీకంలో క్వార్టరు వెనక పెరట్లో నాలుగు మళ్లు చేసి చల్లింది. గింజ ఎంత సన్నమంటే జీలకర్రను నిలువునా చీల్చినట్టు ఉంటుంది. మీద మన్ను కప్పకూడదట, అరచేత్తో అదిమితే చాలట. ఇప్పుడు మోకాలు ఎత్తు లేకున్నా మడి నిండా గుబురుగా ఉంది. పొద్దున్నే మంచు మీద బయటి ఆకులు మాత్రం కోసి నడిమి మొగ్గ విడిచిపెడితే వారానికి మళ్లీ ఆకు వస్తుంది.

మొదటిసారి కోసి తెచ్చిననాడు నేను పొయ్యి మీద గిన్నె పెట్టాను. రమ నవ్వింది.

“వండద్దు అత్తమ్మా. గట్లనే తినాలె.”

“గట్లనే అంటే ఎట్ల?”

“మేకలు తింటయి గద, గట్ల.”

వేణు పక్కనుంచి, “అమ్మా, రేపటి సంది నీ కోడలు ‘మే’ అంటే నువ్వేం పరేషాన్ కాకు” అన్నాడు. “నేను మేకనైతే నిన్ను కుమ్ముత” అంది రమ. ఇట్లా నవ్వుకుంటూనే ఉన్నాం. కానీ నేను ఈ ఉత్తరం అందుకు రాయడం లేదు.

ఫోన్లో చెప్తే నీకు సగం వినబడదు. నేను అరిస్తే కాలనీ అంతా వింటుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లకు పెట్టిన అక్షరాల బడిలో, తోడబుట్టకున్నా అక్కాచెల్లెళ్లమైన మనిద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం, ఆ అక్షరాలే ఇప్పుడు అక్కరకు వచ్చాయి. ఇది నువ్వే చదువుకో. శోభతో చదివించకు.

మా ఆయన మొగిలికి మతిమరుపు వచ్చి రెండేళ్లయిందని నీకు తెలుసు. ఒకనాడు నన్ను లింగవ్వా అని పిలుస్తాడు, ఒకనాడు ఎవరమ్మా నువ్వు అంటాడు. దానికి అలవాటు పడ్డాను. ఈ నెల మొదట్లో మాత్రం కొత్తది మొదలైంది. పొద్దున చాయ తాగి, చేతికర్ర పట్టుకుని పెరట్లోకి పోతాడు. వెనక గోడను ఆనుకుని ఉన్న నాలుగో మడి దగ్గర కూర్చుని కర్రతో నేలను కొడతాడు. ఊరికే కొట్టడం కాదు. ఒకసారి కొట్టి, తల వంచి విని, జానెడు జరిగి మళ్లీ కొడతాడు. బొగ్గు బాయిలో పని చేసినన్నాళ్లు పైకప్పును అట్లాగే కొట్టి చూసేవాడు కదా. రాయి గట్టిగా పట్టుకుని ఉంటే గంటలా మోగుతుందని, లోపల విడిచి ఉంటే ఖాళీ కుండలా అంటుందని మనకు ఎన్నిసార్లు చెప్పలేదు. అప్పుడు తల పైకెత్తి కొట్టిన మనిషి ఇప్పుడు తల దించి కొడుతున్నాడు.

కొట్టి కొట్టి పిలుస్తాడు సారవ్వా. “సదయ్యా! ఓ సదయ్యా!” అని.

నీ పెనిమిటి పేరు. ముప్పై ఏళ్లలో మా ఇంట్లో ఆ పేరు ఆయన నోట నేను వినలేదు. రమకు ఇదంతా తెలియదు, ఆమె ఈ ఇంటికి రాకముందటి ముచ్చట. ముసలాయనకు సంబరంగా ఉంటుందని వంటింట్లో నుంచి “ఓయ్, వస్తున్ననే!” అని పలుకుతుంది. ఆయన తల ఊపి కర్ర పక్కన పెడతాడు. నాకు మాత్రం భయం. పోయినవాళ్ల పేరుకు బతికున్నవాళ్లు పలకవచ్చా?

నీకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని పదిహేను రోజులు తన్నుకున్నాను. ఇంకొకటి కూడా చెప్పాల్సింది ఉంది. అది ఇప్పుడు కాదు, చేయి రావడం లేదు.

నీ అక్క
లింగవ్వ


గోదావరిఖని
మార్చి 12

చెల్లె సారవ్వకు,

నీ కార్డు అందింది. మోకాళ్లకు కొత్త తైలం పనిచేస్తోందని రాశావు, సంతోషం. శోభకు రక్తం తక్కువుందన్నారని చదివి నేను రెండు రోజులు మనసు నిలవక ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఖర్జూరం పెట్టు. రాజం, బర్రె, దూడ బాగున్నారని రాశావు కాబట్టి వాళ్ల ఫికరు తీసేశాను. “అన్న మా ఆయనను యాది చేసుకుంటున్నడంటే మంచిదే గద అక్కా” అని రాశావు. ఆ మాట చదివి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇంకా రాయలేకపోతున్నాను.

పెరటి సంగతి విను. ఎండలు ముదిరాయి. లెట్యూస్ చలికాలపు మొక్క, శివరాత్రి దాటితే ఉండదని గింజలమ్మినవాడు ముందే చెప్పాడట. అట్లాగే మూడు మళ్లలో మొక్కలు ఒక్కసారి నిటారుగా కాడలు వేశాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారుతున్నాయి, నాలుక మీద పెడితే వేపాకు నయం. రమ పీకి కుప్ప వేసింది. నాలుగో మడి మాత్రం జనవరిలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఒక్క ఆకు వాడదు. నేను చెయ్యి పెట్టి చూశాను. నీళ్ల కుండ కింద ఇసుక ఎట్లా చల్లగా ఉంటుందో అట్లా ఉంది నేల. ఆకు ముక్కుకు పెట్టుకుంటే ఒక వాసన. ఎక్కడో చూసిన వాసన అనిపించింది కానీ అందలేదు. తర్వాత బట్టలు ఉతుకుతుంటే తట్టింది. మా ఆయన బాయి నుంచి వచ్చి విప్పేసిన బనీను వాసన అది. తడి కర్ర, బొగ్గు, చెమట. ముప్పై ఏళ్లు ఉతికిన చేతులు నావి, ఆ వాసన నేను మరిచిపోతానా?

ఇంకా విను. మధ్యాహ్నం మూడు గంటలకు ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తారు కదా, గిన్నెలు గలగలమంటాయి, అది మనకు కొత్త కాదు. ఆ నాలుగో మడిలో ఆకులు మాత్రం బ్లాస్టింగుకు ముందే వణుకుతాయి. గాలి ఉండదు. పక్కనున్న కరివేపాకు కదలదు. ఇవి మాత్రం కింది నుంచి ఎవరో ఊదినట్టు కదులుతాయి. ఆ తర్వాత కొద్దిసేపటికి పేలుడు చప్పుడు వస్తుంది. నాలుగు రోజులు గడియారం ఎదురుగా పెట్టుకుని చూశాను.

రమ పట్టుదల మనిషి. మిగిలిన గింజలన్నీ పెరటి నిండా చల్లేసింది, మొలిస్తే మొలవనీ అని. ఎండకు లెట్యూస్ గింజ మొలవదు, నిద్రపోతుందట. నిజమే, ఎక్కడా మొలవలేదు. ఒక్కచోట తప్ప. నాలుగో మడి నుంచి మొదలై, మూరెడు వెడల్పున, గీత గీసినట్టు ఒక పచ్చటి వరుస లేచింది. మడి దాటింది, నడిచే దారి దాటింది. వంటింటి దిక్కు వస్తోంది.

వేణు చూసి, నీళ్ల పైపు పగిలి ఉంటుందన్నాడు. తవ్వాడు. మోకాలి లోతు తవ్వినా పొడి మన్నే వచ్చింది, చల్లగా. పక్క క్వార్టరులో పట్టాభిరామయ్య సారు ఉంటాడు, సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరైన మనిషి, కోస్తా వాళ్లు. ఆయనను పిలుచుకొచ్చాను.

“సారూ, మన వరుస కింద బాయి గిట్ల ఉన్నదా?”

“లేదు లింగవ్వగారూ. పాత గ్యాలరీ, అదే బాయి సొరంగం, బడి దగ్గరే ఆగిపోయిందండీ. ఆ మ్యాపు గీసింది నేనే కదా.”

“మరి గీ సల్లదనం ఏంది?”

“మీ కోడలి చేతి చలవ అనుకోండి” అని నవ్వి, రెండు ఆకులు కోసుకుని పోయాడు. నేను ఏది చెప్పినా అందరూ నవ్వుతారు. ఎప్పుడూ భయపడే మనిషి నిజంగా భయపడాల్సినప్పుడు భయపడ్డా ఎవరు నమ్ముతారు చెప్పు.

మా ఆయన మాత్రం నవ్వడు. రోజూ ఆ పచ్చటి వరుస ఎంతవరకు వచ్చిందో అంతవరకు కొట్టుకుంటూ వస్తాడు. వచ్చి వంటింటి దిక్కు తిరిగి పిలుస్తాడు. రమ పలుకుతుంది. మొన్న నేను ఆమె చేయి పట్టుకున్నాను.

“ఇగ పలుకకు బిడ్డా. నా మీద ఒట్టు.”

“ఎందుకత్తమ్మా? మామ సంబురపడ్తడు.”

“సచ్చినోళ్ల పేరుకు పలుకుతరా? ఒట్టు పెట్టు!”

నా ముఖం చూసి బెదిరిపోయింది. ఒట్టు పెట్టింది. ఆ రోజు నుంచి ఆయన పిలుస్తూనే ఉంటాడు, ఎవరూ పలకరు. పిలిచి పిలిచి గొంతు పోయి, నేల మీదే కూర్చుంటాడు. చూడలేకపోతున్నాను. అయినా పలకనివ్వను.

నీ అక్క
లింగవ్వ


గోదావరిఖని
ఏప్రిల్ 9

చెల్లె సారవ్వకు,

నీ ఆరోగ్యం, బిడ్డ ఆరోగ్యం, అల్లుడి ఆరోగ్యం అడిగే మొహం ఈ ఉత్తరంలో నాకు లేదు. అందరూ బాగుండాలి. అంతే రాస్తున్నాను.

ఆ వరుస వంటింటి మెట్టుకు రెండు బారల దూరంలోకి వచ్చింది. నేను తట్టుకోలేక పోయిన నెల చివర ఒక్కదాన్నే కూర్చుని మొత్తం పీకేశాను. వేరుతో రాలేదు, మెడ దగ్గర పుటుక్కున తెగాయి. నా రెండు చేతులకూ ఆ పాలు అంటుకుని, ఎండి, నల్లబడ్డాయి. సబ్బుకు పోలేదు. ఆరు రోజులకు ఆ మొదళ్ల నుంచే మళ్లీ ఆకు లేచింది, ముందు కంటే లేతగా. కొత్తగా ఇంకో మూరెడు ముందుకు కూడా మొలిచింది. అక్కడ గింజలు ఎప్పుడు పడ్డాయో రమకు తెలియదు.

ఆమె బజారుకు పోయినప్పుడు నేను నేలకు చెవి పెట్టాను. తట్టు వినబడింది సారవ్వా. మూడుసార్లు. కొద్దిగా ఆగి, మళ్లీ మూడుసార్లు. నా గుండె చప్పుడే అనుకుని చెయ్యి పెట్టి చూసుకున్నాను. గుండె అంతకంటే ఎంతో వేగంగా కొట్టుకుంటోంది.

ఇంక దాచను. ఆ రోజు సంగతి నీకు తెలిసింది ఇంతే. నీ ఆయనకు ఆ రోజు రెస్టు. నిన్నూ, చంటిపిల్ల శోభనూ కాసిపేటకు మీ అమ్మగారింటికి తీసుకుపోవాలి. సైకిలు అడగడానికి మా ఇంటికి వచ్చాడు. మా ఆయనకు జ్వరమని తెలిసి, ఆయన బదులు మొదటి షిఫ్టుకు పోయాడు. పైకప్పు కూలింది. మూడు రోజులు వెతికారు, దారి దొరకలేదు, ఆ గ్యాలరీకి గోడ కట్టి మూసేశారు. నీకు చూసుకోవడానికి మనిషి దక్కలేదు, బూడిద దక్కలేదు. ఆ పొద్దున నువ్వు మూట కట్టుకుని గడపలో కూర్చుని ఉన్నావు. “అన్నకు జ్వరమట, రేపు పోదాం అన్నాడు మీ ఆయన” అని ఆ కబురు నీకు తెచ్చి చెప్పింది నేనే.

జ్వరం లేదు సారవ్వా.

ముందు రోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. ఎంత అడిగినా మాట్లాడలేదు, గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. ఆ ముఖం చూసి నాకు దడ పట్టుకుంది. ఎందుకో తెలియదు, ఈ మనిషిని రేపు బాయిలో దింపకూడదు అనిపించింది. పొద్దున ఆయనను లేపలేదు. వాకిట్లో సైకిలు కోసం నీ ఆయన నిలబడితే నేను బయటకు వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

“అన్న లేసిండా వదినె?”

“లేవలేదు. ఒళ్లు కాల్తున్నది. ఇయ్యాల పోలేడు.”

“అయ్యో. గ్యాంగుల మనిషి తక్కువైతే సర్దారు లొల్లి చేస్తడు గదా.”

అప్పుడు అన్నాను. నా నోటితోనే అన్నాను. “నువ్వు పోరాదు సదన్నా ఈ ఒక్క పూట” అని.

నీ ఆయన తల గోక్కుని నవ్వాడు. “సారవ్వ నన్ను సంపుతది పో” అన్నాడు. సైకిలును గోడకు ఆనించి నడిచి పోయాడు.

మా ఆయన లేచాక, “నీకు ఒళ్లు తెలియని జ్వరం, ఎంత లేపినా లేవలేదు” అన్నాను. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లు ఏమీ అనలేదు.

ఇప్పుడు నీకు అర్థమైందా ఆ వరుస ఎందుకు వస్తోందో? ఎవరి బదులు పోయాడో ఆ మనిషి కోసం వస్తున్నాడు నీ పెనిమిటి. మొన్న ఆ మడి దగ్గర ఎండు చేపల పులుసు, అన్నం విస్తరిలో పెట్టి, కల్లు పోసి మొక్కాను. నీ ఆయనకు ఇష్టమైనవే పెట్టాను. కాకి ముట్టలేదు.

నువ్వు నన్ను తిట్టు. శాపం పెట్టు. ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి. కానీ ఒక్కటి చెయ్యి చెల్లె. ఎట్లా చెప్తావో నాకు తెలియదు, పొద్దున తూర్పు తిరిగి చెప్తావో, ఫొటో ముందు దీపం పెట్టి చెప్తావో. మా మొగిలిని విడిచిపెట్టమని నీ ఆయనకు చెప్పు. తప్పు నాది. అంతగా కావాలంటే నన్ను పిలవమను. నీ మాట వింటాడు.

లింగవ్వ


గోదావరిఖని
మే 3

సారవ్వకు,

నీ మోకాళ్లు, శోభ కడుపు, రాజం నడుం ఎట్లా ఉన్నాయో రమ ఫోన్ చేసి కనుక్కుంది. నేను అడగలేదు. నీ నుంచి జవాబు రాలేదు. రోజూ పోస్టుమ్యాన్ దారిలో నిలబడ్డాను, రాకపోతేనే నయమని కూడా అనుకున్నాను. నిన్న వచ్చింది. అది తర్వాత రాస్తాను. ముందు జరిగింది నా నోటి నుంచే నీకు తెలియాలి. రమ శోభకు చెప్పింది సగమే.

పోయిన ఆదివారం మధ్యాహ్నం. వేణు మంచిర్యాల పోయాడు. రమ వంటింట్లో లెట్యూస్ కడుగుతోంది. నేను కరివేపాకు చెట్టు కింద మంచం మీద ఉన్నాను. మా ఆయన ఎప్పటిలా కొట్టుకుంటూ వచ్చాడు. మడి దాటాడు, దారి దాటాడు, వంటింటి మెట్టు దాకా వచ్చాడు. ఆ పచ్చటి వరుస అప్పటికి మెట్టుకు తగిలింది. మెట్టు మీద కర్రతో కొట్టాడు. సారవ్వా, ఆ చప్పుడు నాకు కూడా వినబడింది. ఖాళీ కుండ మీద వేలితో కొట్టినట్టుంది.

“సదయ్యా!”

లోపల నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. రమ పలకలేదు. ఒట్టు పెట్టించింది నేనే.

“సదయ్యా! సదయ్యా!”

గొంతు మారింది. ఇన్ని నెలలు నేను దాన్ని చచ్చినవాడిని పిలిచే పిలుపు అనుకున్నాను. ఆ రోజు విన్నది అది కాదు. తొట్టెలో పిల్ల దగ్గరికి పాము పోతుంటే అరిచే అరుపు అది. అప్పుడు నాకు నీ ఆయన మాటే యాదికి వచ్చింది. ఒకనాడు మా వాకిట్లో చాయ తాగుతూ నాతో అన్నాడు. “బాయిల రూఫు మాట్లాడుతది వదినె. కూలే ముందు సప్పుడు చేస్తది. అప్పుడు మా గ్యాంగుల ‘ఉరుకుండ్రి’ అని మొత్తుకోం. పక్కోని పేరు పిలుస్తం. ఉరుకు అంటే మనిషి ఎటు అని చూస్తడు. పేరు ఇంటె ఎన్కకు మళ్లుతడు.” అప్పుడు నేను నవ్వాను.

ఆయన సదయ్యను రమ్మనడం లేదు సారవ్వా. పైకప్పు కింద ఎవరున్నారో వాళ్లను బయటికి పిలుస్తున్నాడు. ఆయనకు మతిలో మిగిలిన పేరు అదొక్కటే.

మంచం మీది నుంచి ఎట్లా లేచానో తెలియదు. “రమా, పలుకు! సదయ్య అని పిలుస్తున్నడు, పలుకు! బయటికి రా బిడ్డా!” అని అరిచాను. “వస్తున్న మామా!” అంటూ జల్లిబుట్ట చేతిలో పట్టుకునే రమ ఉరికి వచ్చింది. మెట్టు దిగి ఆయనను పట్టుకుని వరుస పక్కకు నాలుగడుగులు వేసిందో లేదో, బ్లాస్టింగు మోగింది. ఆదివారం కూడా ఆ రోజు చేశారు. ఎప్పటిలా గిన్నెలు గలగలమన్నాయి. ఆ గలగల ఆగలేదు. కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది. వంటింటి వెనక గోడ, సింకు, గ్యాసు పొయ్యి, నాలుగో మడి దాకా నేల నోరు తెరిచినట్టు తెరుచుకుని అన్నీ లోపలికి జారిపోయాయి. పెద్ద చప్పుడు కూడా లేదు. మూట జారి నీళ్లలో పడ్డట్టు. దుమ్ము లేవాలి కదా, లేవలేదు. చల్లటి గాలి లేచింది. నిండు ఎండలో మా ముగ్గురి ఒళ్లూ జలదరించాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వేణు వచ్చి రమను పట్టుకుని ఏడ్చాడు. ఆఫీసర్లు వచ్చి తాళ్లు కట్టారు, ఎర్ర జెండాలు పాతారు. మా వరుస మొత్తం ఖాళీ చేయించి ఇంకో దిక్కు క్వార్టర్లిచ్చారు. పట్టాభిరామయ్య సారు ఆ గుంత అంచున నిలబడి లోపలికి వంగి చూశాడు.

“నేను గీసింది తప్పమ్మా” అన్నాడు. “బడి దగ్గర ఆగింది ఇంకో గ్యాలరీ. ఇటు వచ్చిన దానికి గోడ కట్టేశారు కదా. ఇంక ఎవరు పోతారని కొలవకుండానే వదిలేశామండీ.”

గోడ కట్టిన గ్యాలరీ ఏదో నీకు చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్లు నీ పెనిమిటి మీదే నేను పొయ్యి పెట్టుకుని వండుకుని తిన్నాను.

ఆ రోజు నుంచి మా ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. కర్ర ముట్టలేదు. మరునాడు కొత్త క్వార్టరులో నేను అన్నం కలిపి పెడుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి, నలభై ఏళ్లప్పటి కళ్లలా.

“లింగవ్వా, ఆ పొద్దు నేను మేలుకునే ఉన్న.”

నేను చేతిలో ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాను.

“వాడు వాకిట్ల నిలవడ్డది ఇన్న. నువ్వు జరం అన్నది ఇన్న. ముందటి రోజే రూఫు మాట్లాడింది. నాకే ఇనవడ్డది, సర్దారుకు చెప్పలే. పని ఆపుతరని చెప్పలే. తెల్లారి పోవాల్నంటె భయమైంది. పండుకున్నట్టు పండుకున్న. వాడు నడిసిపోతాంటె చెప్పుల సప్పుడు ఇన్న. పిలుస్తే ఎన్కకు మళ్లుతుండె. పేరు పిలుస్తే సరిపోతుండె.”

అంతే అన్నాడు. సాయంత్రానికి మళ్లీ ఎవరమ్మా నువ్వు అన్నాడు.

ముప్పై ఏళ్లు ఒకే మంచం మీద ఇద్దరం చెరొక అబద్ధం పక్కలో వేసుకుని పడుకున్నాం. ఆయనను మోసం చేశాననుకున్నాను. ఆయన ఆ తప్పంతా నన్నే మోయనిచ్చాడు. ఇంతకాలం పిలవని పిలుపే ఈ నాలుగు నెలలు పిలిచాడు. నేను అది ఆపబోయాను. రమ ఒట్టు నిలబెట్టుకుని ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే నేను నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు, నీ ఆయన పేరు పక్కన రమ పేరు కూడా చేర్చుకుని ఎటైనా పోయేదాన్ని.

మూడు తట్లు మాత్రం ఎవరు తట్టారో నాకు తెలియదు. సారును అడిగితే నీళ్లు కారుతూ ఉంటాయి, రాళ్లు సర్దుకుంటూ ఉంటాయి అన్నాడు. అట్లాగే అనుకుంటాను. గుంత సగం తాటిచెట్టంత లోతుంది. వంగి చూస్తే అడుగున మా లెట్యూస్ ఒక్కటి కూడా వాలిపోకుండా నిటారుగా నిలబడి ఉంది. మట్టి పెళ్లతో సహా దిగిపోయిందట. నీళ్లు పోసేవాళ్లు లేకున్నా నిన్నటికి కూడా పచ్చగానే ఉంది. జెండాల దగ్గరున్న వాచ్‌మ్యాన్ అటు చూడడం మానేసి కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుంటున్నాడు.

నిన్న నీ కార్డు వచ్చింది. తిట్టు లేదు. శాపం లేదు. నన్ను అక్కా అని కూడా రాయలేదు. “పూడ్చకముందు వస్త. రోజు చెప్పు.” అంతే ఉంది. గుంత పూడుస్తారని రమ ఫోన్లో చెప్పి ఉంటుంది. పదిసార్లు చదివాను. అక్షరాల బడిలో నీ రాత గుండ్రంగా ఉండేది, ఇందులో కార్డు చిరిగేలా ఒత్తి రాశావు.

పన్నెండో తారీఖు, సోమవారం పొద్దున్నుంచి ఇసుక పోసి పూడ్చేస్తారట. ఆఫీసరును కలిశాను, కాళ్లు కూడా పట్టుకున్నాను. “ఇంకో మనిషి చూసుకోవాల్సినది ఉంది సారూ” అన్నాను. ముందు రోజు ఒక గంటసేపు తాడు తీయించి, దగ్గర మనుషులను నిలబెట్టి, అంచు దాకా పోనిస్తామన్నాడు. బియ్యం, పసుపు, కొబ్బరికాయ, నీకు ఏది చేయాలని ఉంటే అది తెచ్చుకో. అల్లుడిని వెంట పెట్టుకుని రా, శోభను తేకు. మా ఇంట్లో బువ్వ తినకపోయినా, నా చేతి నీళ్లు ముట్టకపోయినా నేను ఏమీ అనుకోను. మొగిలిని నేను పట్టుకుని తీసుకొస్తాను. ఆ రోజు మతి ఉంటే నాకు చెప్పింది నీకు చెప్తాడు. లేకపోతే ఆయన పక్కన నిలబడి నేనే చెప్తాను, రెండు తప్పులూ. నీకు వినబడేదాకా ఎంత గట్టిగా అయినా చెప్తాను, కాలనీ అంతా వింటే విననీ.

మే పదకొండు, ఆదివారం, పొద్దున పది గంటలకు. నేను తొమ్మిది నుంచే బస్సుల దగ్గర నిలబడి ఉంటాను.

లింగవ్వ